ఊడవని కోర్టు

మా మొండిపిల్లకి,

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేంటి, ముసలాడికి మతిపోయిందా అనుకుంటావు. పోలేదు. నోటితో చెబితే నేను అరుస్తాను, నువ్వు తలుపేసుకుంటావు, మధ్యలో మీ అమ్మకి తలనొప్పి. కాగితం అరవదు. అందుకని రాసి నీ రాకెట్ సంచిలో పెడుతున్నాను. అక్షరాలు చూసి నవ్వకు. నేను చదివింది మూడో క్లాసు. సున్నంతో తిన్నగా గీత గియ్యమంటే ఈ టెన్నిస్ క్లబ్బులో నన్ను మించినవాడు లేడు గాని, కలం పట్టుకుంటే అన్నీ వంకరే.

పోయినేడు ఫైనల్లో కంచె బయట నిలబడి "కాళ్ళు! కాళ్ళు కదుపు!" అని అరిచానని, "నాన్నా, నువ్వుంటే నాకు చెయ్యాడదు, ఇంక నా ఆటకి రాకు" అన్నావు. అంతమంది ముందు అన్నావు. సరే, రావడం లేదు. నువ్వు ఆడుతున్నంతసేపూ రోలర్ పెట్టే షెడ్డులో గోడవైపు తిరిగి కూర్చుంటున్నాను. కానీ ఆట అయ్యాక కోర్టు ఊడ్చేది నేనే కదా. నలభై ఏళ్ళుగా ఈ ఎర్రమట్టిని తడుపుతున్నాను, రోలర్ లాగుతున్నాను, ఊడుస్తున్నాను. ఎవరెలా ఆడారో మట్టే నాకు చెబుతుంది. కుడి బూటు ముక్కు ఈడ్చిన గీత కనిపిస్తే అది నీ అడుగు. నీతో పోటీపడే ఆ పళ్ళ డాక్టరమ్మవి కొత్త బూట్లు, చేపముల్లు అచ్చు పడుతుంది.

మొన్న ఆదివారం ఆవిడతో ప్రాక్టీసుకి ఆడి, ఐదు-రెండుతో ముందుండి, ఇంకొక్క గేమ్ చాలనగా మళ్ళీ ఓడావని గేటు దగ్గరాయన చెప్పాడు. ఆయన చెప్పక్కర్లేదు. నీ పాత అడుగులు వెనక గీత పక్కనే ఉన్నాయి. వాటిమీద పడ్డ కొత్త అడుగులు గీతకి మూరెడు వెనక. గెలుస్తున్నానని తెలిసే సరికి నీకు భయం పట్టుకుంది. బంతిని కొట్టడం మానేసి, ఏదో మర్యాదకి అవతలికి అందించావు. సర్వీసు వేసేచోట నీ మడమ గుంట పడింది, అంటే నడుం విరుచుకుని వెనక్కి వాలావు. బంతిని నెత్తి మీదకి కాదు, ముందుకి ఎగరెయ్యాలి. ఎగరెయ్యడం కూడా కాదు, పై అరలో గాజుగ్లాసు పెట్టినట్టు పెట్టాలి. రెండో సర్వీసు అనగానే చెయ్యి మెల్లగా తిప్పుతావు, అది తప్పు. చెయ్యి అదే జోరులో తిరగాలి, బంతిని కిందనుంచి పైకి గీకాలి. అప్పుడది నెట్ దాటి వంగి లోపల పడుతుంది. ముఖ్యంగా గీత వదలకు. ముందుకి జరుగు.

వచ్చే ఆదివారం ఫైనల్. మళ్ళీ ఆవిడే. ఈ మాటలు గుర్తుంచుకుని రోజూ పొద్దున గంటసేపు సర్వీసు కొట్టు. కోర్టు తడిపి ఉంచుతాను.

అరవని
మీ నాన్న

*

అమ్మాయ్,

నీ చీటీ నా సున్నం డబ్బా మీద దొరికింది. రెండే రెండు వాక్యాలు రాశావు. "తీగలు వదులుగా ఉన్నాయి నాన్నా, మళ్ళీ మార్పిస్తున్నాను. నీకూ ఆ రోజు జరిగింది అదేగా."

ఈ ఏడు నువ్వు తీగలు మార్పించడం ఇది నాలుగోసారి. ఓడిన ప్రతిసారీ తీగలే దొరుకుతున్నాయి నీకు. చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. మీ అమ్మ "ఏమైంది" అంటే "పన్ను నొప్పి" అన్నాను. "అయితే డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళు" అంది. ఆ డాక్టరమ్మ దగ్గరికి నేను చచ్చినా వెళ్ళను.

ఇప్పుడు రాసేది ముప్ఫై అయిదేళ్ళుగా ఎవరికీ చెప్పనిది. చదివాక చింపెయ్యి.

మన ముందుగదిలో గోడకి వేలాడుతున్న చెక్క రాకెట్ కథ నీకు తెలుసు. ఒక పోటీకి ఆడే మనిషి తక్కువైతే క్లబ్బు సెక్రటరీగారు "నువ్వే దిగవయ్యా" అన్నారు. ఊడ్చే కోర్టులో ఆడడానికి దిగాను. అవతల ఒక లాయరుగారు. మీ అమ్మ నిన్ను చంకనేసుకుని కంచె పక్కన నిలబడింది. ఐదు-రెండుకి వచ్చాను. తీగ చీలింది, పట్టు తప్పింది, ఆఖరి బంతికి పుటుక్కున తెగింది, లేకపోతే గెలిచేవాణ్ణి. ఇదే కదా నీకు చెప్పింది, ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పింది?

తీగ తెగలేదు. ఐదు-రెండు దగ్గర, ఇంకొక్క గేమ్ అనుకోగానే నా చెయ్యి వణికింది. లాయరుగారు రేపు నాకు దణ్ణం పెట్టాల్సి వస్తుందనీ, సెక్రటరీగారు భుజం తడతారనీ, ఇలాంటివన్నీ బుర్రలోకొచ్చాయి. బంతి తప్ప అన్నీ కనిపించాయి. వరసగా మూడు డబుల్ ఫాల్టులు, మూడుసార్లూ రెండు సర్వీసులూ తప్పాయి. ఐదు-ఏడుకి ఓడాను. నేరుగా షెడ్డులోకెళ్ళి, గడ్డం గీసుకునే బ్లేడుతో మధ్య తీగలు రెండు కోసి, రాకెట్ పైకెత్తి చూపిస్తూ బయటికొచ్చాను. "అయ్యో పాపం" అన్నారు అందరూ. ఆ "అయ్యో పాపం" మీద ఇన్నేళ్ళు బతికాను.

నా అబద్ధం నా గోడ మీదే ఉంటే నాకు బాధ లేదు. అది నీ సంచిలోకి చేరింది. అందుకని చెబుతున్నాను. తప్పు తీగలది కాదు. నాదీ తీగ కాదు, నీదీ కాదు.

నువ్వు లాబ్‌లో రోజుకి ఎనభైమందికి సూది గుచ్చి రక్తం తీస్తావు. ఎప్పుడైనా చెయ్యి వణికిందా? ఒకసారి అడిగితే నువ్వే అన్నావు, "నరం తప్ప ఇంకేం చూడను నాన్నా. ఒకసారి తప్పితే సూది తీసేసి, ఊపిరి వదిలి, మళ్ళీ నరం వెతుకుతాను" అని. అదే ఇక్కడా చెయ్యి. పాయింటు పోయినా వచ్చినా, డాక్టరమ్మకి వీపు పెట్టి కంచెవైపు తిరుగు. రెండు పాదాలూ దగ్గర పెట్టుకో. ఊపిరి వదులు. ఈ బంతి ఎక్కడ వేస్తావో ఒక్కచోటు అనుకో. అప్పుడు తిరుగు. స్కోరు చెప్పడానికి అంపైర్ ఉన్నాడు, అది నీ పని కాదు.

నేను షెడ్డులోనే ఉంటాను.

సిగ్గుపడ్డా తల వంచని
మీ నాన్న

*

నా తల్లికి,

నిన్న నేను చేసిన తెలివితక్కువ పని కాగితం మీద పెట్టకపోతే మీ అమ్మ ఇంకో రకంగా చెబుతుంది.

చప్పట్లు వినపడ్డాయి, జనం వెళ్ళిపోయారు, నేను షెడ్డులోంచి వచ్చి కోర్టు చూశాను. నీ అడుగులు వెనక గీతకి ఏకంగా రెండు బారలు వెనక! మొదటినుంచీ చివరిదాకా అక్కడే. పారిపోయింది, నేను చెప్పింది ఒక్క ముక్క చెవికెక్కలేదు అనుకున్నాను. ఊడవడం కూడా మరిచి, దారంతా ఓదార్పు మాటలు కూడబలుక్కుంటూ ఇంటికొచ్చాను. నువ్వేమో వంటింటి గట్టు మీద కూర్చుని కాళ్ళూపుతూ తింటున్నావు.

"పోనీలేవే, పోటీ అన్నాక..." అని మొదలుపెట్టాను.

"ఏం పోనీ? గెలిచాను" అన్నావు, నోటినిండా మెతుకులతో.

"అంత వెనక నిలబడి గెలవడమేంటే?"

"ఆవిడ బంతి లోతుగా వస్తుంది నాన్నా. నువ్వు చెప్పినట్టు గీత మీద ఉంటే నాకు టైము చాలదు. వెనక్కి జరిగి, ఎత్తుగా, మధ్యకి, మళ్ళీ మళ్ళీ పంపాను. విసిగిపోయి ఆవిడే బయటికి కొట్టింది."

నలభై ఏళ్ళు మట్టి చదివినవాణ్ణి, నీ అడుగు చూసి భయమనుకున్నాను. అది ఎత్తుగడ. మీ అమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నవ్వనీ.

తరవాత ఆ రాకెట్ సంగతి భయం భయంగా ఎత్తాను. నువ్వు చెయ్యి కడుక్కుంటూ, "నాకు పన్నెండో ఏటినుంచే తెలుసు" అన్నావు. తీగలు అల్లడం నేర్పింది నేనేనట. తెగిన తీగ కొస పీచులా విచ్చుకుంటుందనీ, కోసిన తీగ కొస నున్నగా ఉంటుందనీ చెప్పింది కూడా నేనేనట. ఆ సాయంత్రమే గోడ మీది రాకెట్ చూశావట.

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేమే?"

"అడిగితే ఆ కథ చెప్పడం మానేస్తావని. నువ్వు ఐదు-రెండు అన్నప్పుడు నీ మొహం ఎలా వెలుగుతుందో నీకేం తెలుసు?" అన్నావు. చెయ్యి తుడుచుకుంటూ, "తెలిసి కూడా నేను తీగల్నే తిట్టుకున్నాను చూడు. నీ కూతుర్నే" అన్నావు.

నీ ఎంగిలి కంచం నేనే తీసి కడిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఇవాళ పొద్దున్నే చీపురు తీసుకుని కోర్టులోకి వెళ్ళాను. నిన్న కంగారులో చూడనిది అప్పుడు చూశాను. కంచెకి దగ్గరగా, కంచెవైపు తిరిగి, పక్కపక్కనే రెండు పాదాల అచ్చులు. చేపముల్లు అచ్చు కాదు, నీ బూట్లే, కాని కుడి బూటు ముక్కు ఈడ్చిన గీత లేదు. ఈడవలేదు. నిలబడ్డావు. ఒకటి కాదు, అటు కంచె దగ్గరా ఇటు కంచె దగ్గరా, ఒకదాని మీద ఒకటి పడి మట్టి గట్టిపడిపోయింది. ఎన్నిసార్లు తిరిగి నిలబడితే అలా గట్టిపడుతుందో నాకు తెలుసు.

సెక్రటరీగారు వచ్చి "ఏమయ్యా, ఇంకా ఊడవలేదు, ఏడింటికి మెంబర్లు వస్తారు" అన్నారు. పక్క కోర్టు చూపించాను. "ఇవాళ ఈ కోర్టు ఊడవను. ఇది మా అమ్మాయి ఆడిన కోర్టు" అన్నాను. నలభై ఏళ్ళలో ఆయనకి నేను కాదని చెప్పడం ఇదే మొదలు. ఆయన కోర్టు వంక చూసి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఆ అచ్చులు తొక్కకుండా గీత పక్కనుంచి నడిచి వెళ్ళారు.

ఆ కోర్టు గేటుకి తాళం వేశాను. తాళంచెవి నా జేబులో ఉంది.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి అదే కోర్టులో నువ్వూ నేనూ. గోడ మీది రాకెట్ దించాను, తీగలు నువ్వు అల్లాలి. మోకాళ్ళు పోయాయి గాని సర్వీసు పోలేదు. కంచె బయట మీ అమ్మ అరుస్తానంటోంది. ముసలాడని జాలిపడి బంతి వదిలావో, ఊరుకోను.

నీ ఆట చూడకుండానే చూసిన
మీ నాన్న