ఆ రాయి కింద ఉన్నది నేను కాదు

తుల్పెహోకెన్ వాగు ఒడ్డున సేద్యం చేసుకు బతికిన వెల్టెన్ హాస్లర్ తన సొంత చేత్తో రాసుకుంటున్న వీలునామా.

నా అన్న కొడుకు బాల్టసర్ ఎన్నో ఏళ్లుగా ఊరందరి ముందూ నన్ను చచ్చినవాడంటున్నాడు. నేను చావలేదు. కాళ్లు పడిపోయాయి, ఒక కన్ను మసకబారింది, బుర్ర మాత్రం శుభ్రంగా ఉంది. ఎవరూ చెయ్యి పట్టి రాయించడం లేదు. నాకు వచ్చిన నాలుగు అక్షరాలతోనే రాస్తున్నాను. అక్షరం వంకరగా ఉంటే ఉండనీ, మాటలో వంకర లేదు.

ఒకటి. నా ఒంటిని మన గుడి సమాధుల తోటలో మా అమ్మ మార్గరేటా పక్కన పెట్టాలి. అక్కడ చోటుంది. కుదరదంటున్నది సంఘ పెద్దగా కూర్చున్న బాల్టసర్. ఆ వరస హాస్లర్ల రక్తానికేనట. అమ్మకి అవతలి పక్క ఒక చిన్న రాయి ఉంది. దాని మీద వెల్టెన్ అని చెక్కి ఉంది. ఆ రాయి మీద బూటుకాలు పెట్టి వాడు నాతో, "వెల్టెన్ హాస్లర్ ఇదిగో, ఇక్కడ పడుకున్నాడు. మరి నువ్వెవరివయ్యా, ముసలోడా?" అన్నాడు. బాబాయ్ అని పిలవడం ఆ రోజుతో మానేశాడు.

ఆ రాయి కింద ఉన్నది నాకన్నా ముందు పుట్టి, పాలు తాగుతుండగానే పోయిన మా ఇంకో అన్న. పోయిన బిడ్డ పేరు తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టుకోని ఇల్లు మనలో ఏదో చూపించండి. బాల్టసర్ పేరూ అలా వచ్చిందే. వాడికి ముందు పోయిన బాల్టసర్‌కి గొయ్యి తవ్వింది నేనే. అది వాడికీ తెలుసు. తెలిసే, నేను సముద్రం దాటే ఓడలో అమ్మానాన్న చచ్చిన ఎవరి పిల్లాడినో అని, తన తాత, అంటే మా నాన్న, జాలిపడి తెచ్చి ఆ పేరు పెట్టాడని ఊదరగొడుతున్నాడు.

రెండు. ఊట పక్కనున్న గడ్డిమడి నా కొడుకు పీటర్‌ది. మా నాన్న నోటిమాటగా నాకిచ్చాడు, నేను రాతమూలకంగా ఇస్తున్నాను. బాల్టసర్ కడుపుమంటంతా ఈ మడి మీదే, నేను మా నాన్న బిడ్డను కానంటే అది వాడికి పోతుంది.

మూడు. మా అక్క ఎఫాకు వంటింటి వెనక గది, ఇనప పొయ్యి, ఈకల పరుపు, బతికినన్నాళ్లూ.

ఎందుకో రాస్తాను. పాస్టరు గారు పాత బాప్తిస్మపు పుస్తకం తెచ్చి సంఘం ముందు చదివారు. తండ్రి గేయోర్గ్ హాస్లర్, తల్లి మార్గరేటా, బిడ్డ వెల్టెన్. బిడ్డను ఎత్తుకున్న జ్ఞానతల్లి ఎఫా, పెళ్లికాని పిల్ల, బిడ్డకు తోడబుట్టిన అక్క. మనవాళ్లు దారినపోయే బిడ్డకు ఇంటి ఆడపిల్లను జ్ఞానతల్లిగా నిలబెడతారా? బాల్టసర్ మాత్రం తడుముకోలేదు. "అప్పట్లో గుర్రమెక్కి ఊరూరా తిరిగిన పాస్టరు రాసుకున్నదండీ అది. చెవిలో ఎవరేం ఊదితే అది రాసేవాడు. ఎత్తుకున్న మా మేనత్తే ఇక్కడుందిగా, అడగండి" అన్నాడు.

అందరూ అటు తిరిగారు. ఎఫా ఒళ్లోని గుడ్డ సవరించుకుంటూ, "నాకేం గుర్తుంది నాయనా, పెద్దదాన్నయిపోయా" అంది. ఏ ఏడు ఏ కోడిపిల్లను గద్ద ఎత్తుకుపోయిందో రంగుతో సహా చెప్పే మనిషి ఆమె.

బాల్టసర్ ఇంట్లో తింటోంది, ఆ కూటికి భయపడింది. అందుకే గది ఇస్తున్నాను. నోరు విప్పినా విప్పకపోయినా అది ఆమెదే. కోడలు సిబిల్లాకు ఒక మాట: ఆమెకు పళ్లు లేవు, రొట్టె అంచులు కోసి పెట్టు. ఆపిల్ గుజ్జు దండిగా రాయి, అడగడానికి సిగ్గుపడుతుంది.

నాలుగు. బాల్టసర్‌కు నా పార. ఏ గొయ్యి తవ్వినదో పైన రాశాను.

ఐదు. ఇవన్నీ జరిపించాల్సింది పీటర్. బాల్టసర్ అరిస్తే వాడితో వాదన పెట్టుకోవద్దు. ఎఫా చెప్పేలోగా నేను పోతే నా శవప్పెట్టెను గుడికి మొయ్యకండి. తిన్నగా తీసుకెళ్లి బాల్టసర్ గుమ్మం ముందు దించండి. రక్తం కానివాడి పెట్టెను దాటుకుని ఎన్ని రోజులు తిరుగుతాడో తిరగనీ.

ఆరు. నేను పోయేదాకా దీన్ని మూసిపెట్టవద్దు. వచ్చే ఆదివారం గుడిలో అందరూ వినేలా చదవమని పాస్టరు గారికి ఇస్తున్నాను.

అక్కా, ఇది నీకు. చలిలో నన్ను నీ శాలువాలో చుట్టి గుడిదాకా మోసుకెళ్లానని నా పెళ్లినాడు అందరికీ చెప్పి నవ్వించావు. ఇప్పుడు సగం మాట చాలు. ఈ ఏడు నవంబరు పదకొండు, మార్టిన్ పండుగ, ఆదివారమే పడింది. ఆరాధన అయ్యాక, జనం లేవకముందు, నీ చోటనే నిలబడి చెప్పు. నేను మన అమ్మ కడుపున పుట్టానా, లేదా? లేదంటే లేదనే చెప్పు. నీ నోట విన్నాక పశువుల దొడ్డి వెనకైనా పడుకుంటాను, ఇంకొకడి నోట వింటే ఒప్పుకోను. మార్టిన్ పండుగ దాటకూడదు. నన్ను బండి మీద తెచ్చి తలుపు దగ్గర కూర్చోబెడతారు. వింటుంటాను.

1804 సెప్టెంబరు 20

నా చేవ్రాలు: వెల్టెన్ హాస్లర్

సాక్షులు: నికోలస్ ట్రౌట్, కమ్మరి
హైన్రిష్ ఫోఖ్ట్, పొరుగు రైతు