మా వరుస ఇంటర్నెట్ తినేసింది నేనే

చిరంజీవి మార్లిస్‌ను అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ యూమాలో నేనూ, మన కుక్క బిస్కెట్టుగాడూ క్షేమం. నువ్వు కులాసాగానే ఉన్నావని నీ ఉత్తరంలోని కేకలే చెబుతున్నాయి. ఫోనులో అయితే మధ్యలో అడ్డొస్తావు, అందుకే రాస్తున్నాను.

ఆదివారం వీడియో కాల్‌లో నా ముఖం ఎందుకు కనబడలేదని అడిగావు. నేను పడిపోలేదు, జ్వరమూ రాలేదు. చక్రాల ఇళ్లు నిలుపుకునే ఈ ఆర్వీ పార్కులో ఒక్కో ఇళ్ల వరుసకు రోజుకింత అని ఇంటర్నెట్ కొలిచి ఇస్తారు. అది అయిపోతే మర్నాటిదాకా బొమ్మ కదలదు. వీడియోలు చూడొద్దని బట్టలుతికే గది తలుపు మీద రాసిపెట్టారు కూడా.

సోమవారం అందరం కాఫీ తాగుతుంటే పక్కింటి ఆర్విల్ మొదలుపెట్టాడు. "మన వాటా ఎవరో కూర్చుని మింగేస్తున్నారు. దొరకనీ, చెప్తాను."

"దొరికితే ఊరుకోకండి," అని అందరికంటే గట్టిగా అన్నది నేనే.

మేనేజర్ డ్వైట్ కాగితం చూసుకుని, "లొరెటా గారూ, ఆ మింగేది మీ నలభై ఒకటో నంబరు ఇల్లేనండీ. రోజుకు ఆరు గంటలు ఏం చూస్తున్నారండీ?" అన్నాడు.

"కుక్కకు తోడుగా టీవీ పెట్టి వెళ్తున్నాను."

"ఇంకోసారైతే లైను తీసేస్తానండీ."

"తీసేసుకో నాయనా," అన్నాను. తల మాత్రం ఎత్తలేకపోయాను.

ఇక నీ అసలు సంగతి. నాన్న పోయాక ఈ ఇంటిని లాగేవాళ్లు లేరనీ, వచ్చే నెల పదిన అల్లుడు కర్టిస్‌తో వచ్చి అయోవాకు తోలుకుపోతామనీ, నాకు వెనక గది సర్దామనీ రాశావు. గది బాగానే ఉంటుంది. నేను రాను.

మార్లిస్, కుక్క మాట అబద్ధం. నీకు చెప్పినది ఇంకో అబద్ధం. నవంబరులో ట్రక్కుకు ఇల్లు తగిలించి ఇక్కడికి తోలుకొచ్చింది ఆర్విల్ కాదు, నేనే. ముందుకు తోలడం నాకు బాగానే వచ్చింది. వెనక్కి పెట్టడం దగ్గరే చిక్కొచ్చింది. పార్కులో ఎవరు వెనక్కి పెడుతున్నా జనం కుర్చీలు వేసుకుని చూస్తారని నీకు తెలుసుగా. నేను కరెంటు స్తంభాన్ని గుద్దాను. వాళ్లు నవ్వారు. చివరికి ఆర్విల్ వచ్చి నిలబెట్టాడు. నేను లోపలికెళ్లి మీ నాన్న చొక్కా పట్టుకుని ఏడ్చాను.

అప్పట్నుంచీ చూస్తున్నవి ఇల్లు వెనక్కి పెట్టే వీడియోలే. ఇల్లు కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకు తిప్పాలట. నా బుర్రకు అది ఎక్కడానికి రెండు నెలలు పట్టింది. నీ ఆదివారాన్ని కూడా అవే తినేశాయి. అందుకు మాత్రం నన్ను క్షమించు.

నిన్న ఖాళీ స్థలంలో పెట్టి చూశాను. కుర్చీలు మామూలుగానే వచ్చాయి. రెండుసార్లు వంకరపోయింది. మూడోసారి తిన్నగా గీతల మధ్య నిలిచింది. ఆర్విల్ కుర్చీ మడిచేసి, "ఇంక ఇక్కడ చూసేదేముంది, పదండి," అన్నాడు. నాకెంత గర్వంగా అనిపించిందో ఏం చెప్పను.

రేపు పొద్దున్నే న్యూ మెక్సికోలోని డెమింగ్‌కు బయల్దేరుతున్నాను. పదో తేదీన అక్కడికే రండి. అల్లుణ్ణి కూడా తీసుకురా, తోలడానికి మాత్రం కాదు. ఈ ఇంటికి డ్రైవరుంది.

ఇట్లు,
నువ్వెంత తిట్టినా నిన్ను దీవించే అమ్మ,
లొరెటా