పాపం చేయని పిల్లకు సున్నా

స్పైస్‌వుడ్ లోయ, కెంటకీ
1997 అక్టోబరు 6

ఏలీము క్రైస్తవ ఉన్నత పాఠశాల ప్రిన్సిపాల్ బ్రదర్ గార్లండ్ ఫ్రేలీ గారికి, ఓర్ఫా స్టిడమ్ చెప్పి రాయించే ఉత్తరం.

అయ్యా, నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పోస్టాఫీసులో వెస్టా రాస్తోంది. అన్నది అన్నట్టు రాయమని, తన మర్యాదలు కలపొద్దని ముందే చెప్పాను.

మీ బడిలో పదో తరగతి చదివే టామ్సీ నా మనవరాలు. తండ్రి పోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని ఇండియానా వెళ్ళిపోయింది. పెంచింది నేను. మీరు చర్చి పిల్లలకు ఉచితంగా ఇచ్చే సీటులో చదువుతోంది. బైబిలు పాఠం తప్పితే ఆ సీటు పోతుందని మీ కాగితంలోనే ఉందట. మొన్న ఆ పాఠంలోనే దానికి సున్నా వేశారు.

ఎందుకని ఆరా తీశాను. ప్రతి పిల్లా ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాలట. మునుపు నేనెంత పాపిని, ప్రభువు నన్నెలా పట్టుకున్నాడు, ఇప్పుడెలా ఉన్నాను అని. మాది లేచి, "నేను పుట్టినప్పటినుంచీ చర్చిలోనే ఉన్నాను. పెద్దగా ఏమీ చేయలేదు. దేవుడంటే నాకు మొదటినుంచీ ఇష్టమే" అని కూర్చుందట. ఆ పాఠం చెప్పే సిస్టర్ మెర్ల్ ఎర్ర సిరాతో 'గర్వం' అని రాసి సున్నా చుట్టింది.

నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు. పిల్ల తప్పు చేయలేదని శిక్షించే బడిని ఇప్పుడే చూస్తున్నాను. ఆ సున్నా తీసేయండి.

ఇట్లు,
ఓర్ఫా స్టిడమ్ (గీత గీసి గుర్తు పెట్టాను)

తా.క.: మేనమామ తుపాకీ ఎత్తుకుపోయి తర్వాత మారినవాడికి తొంభై ఎనిమిది వచ్చాయట. ఆ రెండు మార్కులు దేనికి తగ్గించారు, తుపాకీలో తూటాలు లేవనా?


ఏలీము పాఠశాల
అక్టోబరు 9

ప్రభువునందు ప్రియ సహోదరి ఓర్ఫా గారికి, ఆయన శ్రేష్ఠమైన నామములో శుభములు.

మీ ఉత్తరం కన్నీళ్ళతో చదివాను. అయితే సాక్ష్యానికి మూడు భాగాలు ఉంటాయి. మొదటి భాగం ఖాళీగా వదిలేస్తే మిగతా రెండింటికీ మార్కులు వేయడానికి సిస్టర్ మెర్ల్‌కు ఆధారం ఉండదు. చీకటి చూపించకుండా వెలుగును ఎలా చూపిస్తాం, సహోదరీ? సాతాను బద్ధకస్తుడు కాడు. పదిహేనేళ్ళలో టామ్సీ గుమ్మం ఒక్కసారైనా తొక్కే ఉంటాడు. హృదయాన్ని బాగా వెదుక్కోమనండి. వచ్చే వారం శుక్రవారం ఆమెకు ఇంకో అవకాశం ఇస్తున్నాం.

ఆయన సేవలో,
గార్లండ్ ఫ్రేలీ

తా.క.: ఆ తుపాకీ సోదరుడు సమయం మించి మాట్లాడాడు. రెండు మార్కులు అందుకు.


స్పైస్‌వుడ్ లోయ
అక్టోబరు 21

బ్రదర్ ఫ్రేలీ గారికి ఓర్ఫా స్టిడమ్ రాయించేది.

వెదుక్కోమన్నారు, వెదుక్కుంది. మూడు రోజులు నా వంటింటి బల్ల దగ్గర గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నాలుగో తరగతిలో ఎవరిదో పెన్సిలు పొరపాటున ఇంటికి తెచ్చానంది. తిరిగిచ్చావా అని అడిగాను. మర్నాడే ఇచ్చానంది. అయితే అదేం పనికొస్తుంది అన్నాను.

శుక్రవారం లేచి చెప్పింది. తాగిందట. ట్రక్కు దొంగిలించిందట. వరద వచ్చిన వాగులో దాన్ని ముంచేసిందట. మునిగిపోతుంటే ఎవరో రెండుసార్లు పేరు పెట్టి పిలిచారట. హాలు హాలంతా ఏడ్చిందని, తొమ్మిదిమంది పిల్లలు ముందుకొచ్చి మోకాళ్ళూనారని విన్నాను. సిస్టర్ మెర్ల్ నూటికి నూరూ వేసి గౌనుకు నీలం రిబ్బను గుచ్చింది.

సోమవారం మీ ఆఫీసు నుంచి కాగితం. తాగినందుకూ దొంగతనానికీ మూడు రోజులు బడికి రావద్దని. పాపం ఒకటే. శుక్రవారం దానికి రిబ్బను, సోమవారం దానికే శిక్ష.

అయ్యా, ఆ పిల్లకు బండి నడపడం రాదు. మా ఇంట్లో అది తాగేది మజ్జిగ. మీరు అడిగారు కాబట్టి చెప్పింది, అంతే. ఆ మూడు రోజులూ కొట్టేయండి.

ఇట్లు,
ఓర్ఫా స్టిడమ్ (గుర్తు)

తా.క.: ట్రక్కు మునిగిందని రెండొందల మంది విన్నారు. వాగు వైపు వెళ్ళి ఒక్కరైనా తొంగి చూశారా?


ఏలీము పాఠశాల
అక్టోబరు 24

ప్రియ సహోదరికి, కృపయు సమాధానమును కలుగును గాక.

పిల్లల తప్పులను ఇంట్లోవాళ్ళు దాచుకోవడం నాకు కొత్త కాదు. మీ మీద నాకు కోపం లేదు. కానీ మా నియమావళి కాస్త చూడండి. పద్నాలుగో నియమం, మద్యం సేవిస్తే మూడు రోజులు. మూడో నియమం, ప్రసంగ వేదిక మీద అబద్ధమాడితే బహిష్కరణ. టామ్సీ తాగలేదని మీరు రుజువు చేశారంటే ఆమెను బడిలోనుంచి పంపేయడం తప్ప నాకు దారి ఉండదు. అందుచేత ఆమె తాగిందనే మీరు ఒప్పుకోవడం అన్నివిధాలా మేలు.

పదిహేనేళ్ళ పిల్లకు మద్యం ఎక్కడిదన్న ప్రశ్న మిగిలే ఉంది. మీ ఇంటికి ప్రార్థన సహోదరీలను పంపుతున్నాను. మీ కోసం అన్ని చర్చిల్లోనూ ప్రార్థిస్తున్నారు.

మీ భారం మోస్తూ,
గార్లండ్ ఫ్రేలీ

తా.క.: మీ పేరు కీళ్ళనొప్పుల ప్రార్థన జాబితాలో ముందునుంచే ఉందట. అక్కడ కొట్టేసి తాగుడు జాబితాలోకి మార్చాం. రెండింట్లోనూ ఉంచే వీలు లేదు.


స్పైస్‌వుడ్ లోయ
అక్టోబరు 30

బ్రదర్ గారికి, కీళ్ళనొప్పులు ఇంకా తగ్గని ఓర్ఫా స్టిడమ్ రాయించేది.

మీ ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. కోడిమాంసం కలిపిన నూడుల్స్ గిన్నె ఒకటి తెచ్చారు. మోకాలికి రాసుకునే కర్పూరం మందు వాసన తగలగానే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంచం కింద వెతికారు. పచ్చళ్ళకని ఉంచుకున్న నా ఆపిల్ వెనిగర్ రెండు సీసాలూ తూములో ఒంపేసి, చుట్టూ నిలబడి పాట పాడారు.

ఆదివారం చర్చిలో నా బెంచీ మీద నేనొక్కదాన్నే. యాభై ఏళ్ళుగా నా పక్కన కూర్చున్న మనిషి వెళ్ళి ఫ్యాను కింద కూర్చుంది. ప్రభువు బల్ల దగ్గర రసం గిన్నెలు పెట్టిన పళ్ళెం నా దాకా వచ్చేసరికి చర్చి పెద్ద దాన్ని రెండు చేతులతో బిగపట్టుకున్నాడు. అందులో ఉన్నది ద్రాక్షపండ్ల రసం. మన చర్చిల్లో సారాయి ఎప్పుడు పోశారు కనక?

ఇంకొక్క మాట. టామ్సీ కల్పించి చెప్పలేదు. మా ఇంటి మనిషికి జరిగినదాన్నే తనకు జరిగినట్టు చెప్పింది. పోయినవాడి పేరు మీ బడిలో నలగడం ఇష్టం లేక నోరు మూసుకున్నాను. తప్పు అంటే అదొక్కటే ఉంది. దానికి ఆ పిల్ల చదువు తీసేయకండి.

ఇట్లు,
ఓర్ఫా స్టిడమ్ (గుర్తు)

తా.క.: ఆ నూడుల్స్ మా కుక్కకు పెట్టాను. నిన్నటినుంచీ పడుకున్నది పడుకున్నట్టే ఉంది. దాన్నీ ఏదో ఒక జాబితాలో వేయండి.


ఏలీము పాఠశాల
నవంబరు 4

సహోదరి ఓర్ఫా గారికి,

టామ్సీ మాట్లాడిన శుక్రవారం నేను ఒహాయోలో సువార్త కూటాలకు వెళ్ళి ఉన్నాను. ఆ క్యాసెట్టు నిన్ననే విన్నాను. విని నిర్ఘాంతపోయాను. ట్రక్కు, వరద, రెండుసార్లు పేరు పెట్టి పిలిచిన ఆ స్వరం, అదంతా పొల్లుపోకుండా నా సాక్ష్యం. ఒహాయో, ఇండియానా, మిషిగన్ కూటాల్లో ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నది. చిన్న పుస్తకంగా నలభై వేల ప్రతులు వెళ్ళాయి. అందులో ఒకటి మీ ఇంటికి చేరి ఉంటుంది. దాన్ని మీరు 'మా ఇంటి మనిషి' అని కప్పిపుచ్చడం నన్ను గాయపరిచింది.

పన్నెండో తేదీ బుధవారం ఆరాధనలో టామ్సీ లేచి, ఆ సాక్ష్యం నిజంగా ఎవరిదో అందరి ముందూ చెప్పాలి. చెప్పి పశ్చాత్తాపపడితే సీటు ఉంటుంది. లేకపోతే ఉండదు. మీరూ రండి.

సత్యము కొరకు,
గార్లండ్ ఫ్రేలీ

తా.క.: సాక్ష్యం దొంగతనానికి మా దగ్గర నియమమే లేదు, ఎవరూ ఊహించలేదు కాబట్టి. ఇప్పుడు నలభై ఒకటోదిగా రాయించాం.


స్పైస్‌వుడ్ లోయ
నవంబరు 20

గార్లండ్‌కి,

ఇక మీదట 'గారు' రాయొద్దని వెస్టాకు చెప్పాను.

నీ పుస్తకం మా ఇంటికి రాలేదు. వచ్చినా నేను చదవలేను. ఒహాయోలో చెప్పావు, మిషిగన్‌లో చెప్పావు, ఈ లోయలో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. చెబితే ఆ ట్రక్కు ఎవరిదో ఇక్కడ అందరికీ తెలుసు. అది నా మొగుడిది. డెబ్బై నాలుగు ఏప్రిల్‌లో తాగి దాన్ని వాగులోకి దించింది నా కొడుకు డెన్వర్. టామ్సీ తండ్రి. లోయలో సగంమంది స్టిడమ్‌లే, ఏ స్టిడమ్ పిల్లో నువ్వు అడిగి ఉండవు. ఆ వేసవిలో వాడు చర్చిలో ముందు బెంచీ దగ్గర నిలబడి అదంతా చెబుతుంటే నువ్వు మూడో వరసలో ఉన్నావు. పదహారేళ్ళవాడివి. వంక పెట్టడానికి లేని పిల్లాడివి. పాపం, నీకూ చెప్పుకోవడానికి ఏమీ లేదని మీ అమ్మ నా దగ్గర బాధపడింది.

రెండుసార్లు పిలిచిన స్వరం సంగతీ విను. అది నాది. గట్టు మీద వానలో నిలబడి "డెన్వర్, డెన్వర్" అని గొంతు చించుకున్నాను. ప్రభువే పిలిచాడని వాడు నమ్మాడు. ఆ నమ్మకం మీద పదేళ్ళు చుక్క ముట్టలేదు, గని పైకప్పు కూలి మీద పడేదాకా. నేనే పిలిచానని వాడికి చెప్పలేకపోయాను. ఇప్పుడు నలభై వేల పుస్తకాల్లో నేను నిన్ను పిలుస్తున్నాను.

బుధవారం నువ్వు చెప్పమన్నదే టామ్సీ చెప్పింది. "అది మా నాన్న సాక్ష్యం. నాది కాదు. బ్రదర్ గారిది కూడా కాదు." అంతే చెప్పి నిలబడింది.

అయిపోయింది, ఇక నిజం నిజంలా ఉంటుంది అనుకున్నాను. అప్పుడు నువ్వు మోకాళ్ళ మీద పడ్డావు. ఇరవై రెండేళ్ళు అబద్ధంలో బతికానని, ఇప్పుడే సంకెళ్ళు తెగాయని వలవలా ఏడ్చావు. హాలంతా నీతో ఏడ్చింది. పిల్లలు ముప్ఫైమంది ముందుకొచ్చారు. బడి కమిటీ పెద్దలు నిన్ను లేవదీసి కౌగిలించుకున్నారు. సిస్టర్ మెర్ల్ మా పిల్ల పక్కకి జరిగి, "ఏడువు తల్లీ, కొంచెం ఏడిస్తే చాలు" అంది గొంతు తగ్గించి. టామ్సీ, "దేనికి, సిస్టర్?" అంది.

గురువారం కాగితం వచ్చింది. నీ పాపం నువ్వు ఒప్పుకున్నావు కాబట్టి అది కడిగేసినట్టే. టామ్సీ వేదిక మీద అబద్ధమాడి పశ్చాత్తాపపడలేదు కాబట్టి మూడో నియమం. సోమవారం నుంచి కౌంటీ బడికి వెళ్తోంది. నీకు మాత్రం కొత్త సాక్ష్యం దొరికింది, ఈసారి నీ సొంతం. టెనెసీ నుంచి కూడా పిలుపులు వస్తున్నాయని విన్నాను.

ఆ బుధవారం సాయంత్రం చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే వడ్డించాను. మాటలు వచ్చినప్పటినుంచీ ఆ పిల్ల తల వంచి స్తోత్రం చెప్పకుండా ముద్ద ముట్టింది లేదు. ఆ రోజు చెంచా తీసుకుని తినడం మొదలుపెట్టింది. కాసేపు చూసి, నేనూ తినేశాను.

ఓర్ఫా స్టిడమ్ (గుర్తు)

తా.క.: నీ కొత్త సాక్ష్యంలో ఒక తెల్లజుట్టు ముసలమ్మ వచ్చి, కన్నీళ్ళతో నిన్ను కౌగిలించుకుని క్షమించేస్తుందట. వెస్టా చెల్లెలు టెనెసీలో విని వచ్చి చెప్పింది. ఆవిడెవరో నాకు తెలియదు. నేననుకుని పెట్టుకున్నావేమో, తీసేయ్.