పురుడు పట్టిన కొత్త దుకాణం

పటాన్‌చెరు

పెద్దనాయనకు, పెద్దమ్మకు రవళి నమస్కారాలు.

ల్యాబులోకి ఫోన్ రానివ్వరు. నేను బయటపడేసరికి మీరు నిద్రపోతారు. అందుకే ఈ ఉత్తరం సంగారెడ్డి వచ్చే మా కంపెనీ బస్సు డ్రైవర్‌కు ఇస్తున్నాను.

ఆరేళ్ల కష్టం ఫలించింది! పిండం నుంచి తీసిన మూలకణాలను గాజు పళ్లెంలో పెంచుతున్నానని, అవి ఏ అవయవంగానైనా మారగలవని చెప్పాను కదా. గుండె కణాలుగా మారుద్దామని ఎన్ని పళ్లేలు పారబోశానో! నిన్న మైక్రోస్కోపులో చూస్తే టకటకా కొట్టుకుంటున్నాయి. ఏడ్చేశాను.

శుక్రవారం ఇస్నాపూర్‌లో మన కొత్త కిరాణా దుకాణం ప్రారంభానికి తప్పక వస్తాను.

మీ రవళి

తా.క. మూలకణాలకు రోజూ మేత పెట్టాలి. పండుగని, ఆదివారమని చూడవు. వాటికి పెట్టాకే నేను తింటున్నాను.

---

సంగారెడ్డి

చిరంజీవి రవళికి పెద్దనాయన రాజేశ్వర్ ఆశీస్సులు.

గర్వంతో నీ ఉత్తరం బజారంతా చదివి వినిపించాను. అక్కడే కొంప మునిగింది. మన పంతులు విని, "గుండె కొట్టుకున్నదంటే పానం వచ్చినట్టే గద సేటూ. మీ ఇంటి ఆడివిల్ల పెంచింది. పది దినాలు పురుడు పట్టాలె. ఆ అంటుల దుకాణం ఎట్ల తెరుస్తవ్?" అన్నాడు.

ఈ శుక్రవారం తప్పితే శ్రావణం దాకా ముహూర్తం లేదు. ఎదురుగా సూపర్‌మార్కెట్ వస్తోంది, గిరాకీ అంతా ఎత్తుకుపోతుంది. నిజం చెప్పు, ఎందరు పుట్టారు?

ఇట్లు, నీ పెద్దనాయన

తా.క. పెద్దమ్మ బాలింతలకు పెట్టే కాయం చేసి పంపింది. నువ్వు తింటావో, వాటికి పెడతావో నీ ఇష్టం.

---

పెద్దనాయనా, నమస్కారం.

అవి పిల్లలు కావు, కణాలు! కంటికి కూడా కనిపించవు. ఎందరని చెప్పను, లక్షల్లో ఉంటాయి. ఇంకా గుండెగా మారని మూలకణాలైతే రోజు రోజుకూ రెట్టింపవుతుంటాయి. దయచేసి శుక్రవారం దుకాణం తెరవండి.

రవళి

తా.క. కాయం బాగుంది. మా డైరెక్టర్ గారు మళ్లీ అడిగి తిన్నారు. ఆయనకు అరవై ఏళ్లు. బాలింత మందని నేను చెప్పలేదు.

---

చిరంజీవి రవళికి,

రెట్టింపవుతాయని ఎందుకు రాశావమ్మా? పంతులు తల పట్టుకున్నాడు. "ఒక పురుడు తీరకముందే ఇంకో పురుడు. గిట్లయితే ఈ జన్మల మీకు శుద్ధి లేదు" అన్నాడు. సదాశివపేటలోని మన పాలోళ్లు, దాయాదులం కాబట్టి తమకూ పురుడేనని, గృహప్రవేశం ఆపుకుని నన్ను తిడుతున్నారు.

ఒక్కటే దారి ఉందట. "పెండ్లయి వేరే గోత్రంల పడ్డ బిడ్డకు ఎంతమంది పుట్టినా పుట్టింటికి పట్టది" అంటున్నాడు. నీకేమో సంబంధం మాటెత్తితేనే చిరాకు. నా దుకాణం పోయి నీ గాజు పళ్లెంలో పడింది.

ఇట్లు, దిగులుతో నీ పెద్దనాయన

తా.క. శనివారం దాకా కాస్త ఆగమని వాటికి చెప్పలేవా?

---

పెద్దనాయనా, ముందు కూర్చోండి.

మీకు పురుడు లేదు. నాకు పెళ్లయింది. అబ్బాయి మా ల్యాబులోనే పనిచేసే వెంకట సాయి. వాళ్ల నాన్న వెంకటరామయ్య గారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పోయిన నెల రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టాం. మీరు ఒప్పుకోరని భయమేసి చెప్పలేదు. అతను చాలా మంచివాడు, ఆదివారాలు కణాలకు మేత పెట్టేది అతనే. గోత్రం అడిగాను, వేరే.

మీ రవళి

తా.క. తిట్టండి, పడతాను. కొబ్బరికాయ కొట్టాక తిట్టండి.

---

చి.ల.సౌ. రవళికి, చిరంజీవి సాయికి ఆశీస్సులు.

నీ మీద కొండంత కోపంగా ఉంది. శనివారం నుంచి మొదలుపెడతాను. ఈలోగా పంతులు లెక్క తేల్చాడు: పురుడు మనింటి నుంచి వెంకటరామయ్య గారింటికి మారింది. కాబట్టి శుక్రవారం నువ్వు, అల్లుడు, వియ్యంకుడు మన దుకాణం గడప తొక్కొద్దు. కుర్చీలు ఎదుటి సూపర్‌మార్కెట్ ముందు వేయిస్తాను. వీలైతే ముగ్గురూ దాని లోపలికి పోయి, మూలమూలా ఒకసారి తిరిగి రండి.

ఇట్లు, నీ పెద్దనాయన

తా.క. పెద్దమ్మ పొద్దున్నుంచి ఒకటే ఏడుపు, నవ్వు. "లచ్చల మంది పిల్లలు పుట్టినంక చెప్తున్నదా పెండ్లి ముచ్చట?" అంటోంది.