గుడ్డలో ఏమీ పడని రోజు

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పంచాయతీ నీళ్ల ట్యాంకరు ఇంకా నేనే నడుపుతున్నాను. ఇన్నేళ్లూ నీళ్లు ముందు ఊళ్లోకి, అడుగున మిగిలిన మడ్డి ఊరి బయట మన గేరికి. కన్నతల్లికి ఆ మడ్డి పోసినవాణ్ణి నేనే. కొత్తగా వచ్చిన కార్యదర్శి మేడం ఈ వారం నుంచి ముందు మన గేరికే పొమ్మని కాగితం రాసిచ్చింది.

పొద్దున ట్రాక్టరును ఊళ్లోకి తిప్పకుండా నేరుగా పోనిచ్చాను. మలుపులో పెద్దరెడ్డి అడ్డం నిలబడ్డాడు, వెనక పదిమంది.

"యాడికి పోతాండావురా? దావ మర్సిపోయినావా?"

నేను దిగలేదు. ఇంజను ఆపలేదు. జేబులోంచి కాగితం తీసి చాపాను.

"మేడం సంతకం ఉండాది, రెడ్డీ. ఈ వారం నుంచి మాకే ముందు."

కాగితం లాక్కుని రెండుసార్లు చదివాడు. మడిచి నా ఒళ్లోకి విసిరాడు.

"ఈ పొద్దు పో. రేపు సూస్తాం నీ కత," అని పక్కకు తప్పుకున్నాడు.

గేరిలో మొదటి బిందె పిన్నిది. ఎప్పటిలాగే బిందె మూతికి వడగట్టే గుడ్డ కట్టి తెచ్చింది. నీ పాత చీర ముక్కే. బిందె నిండాక గుడ్డ విప్పి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమీ పడలేదేంరా?" అంది భయంగా.