నీ తొడ కింద పాదం

అవ్వా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ ఫొటోకు దండ వేసి, నీ మనవరాలు, నా బిడ్డ లతను బోధన్ బస్సులో నిజామాబాద్‌కు, ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. పుట్టుకతో వంకర తిరిగిన పాదానికి పసితనంలోనే ఆపరేషన్ చేయించాం కదా. ఇప్పుడు చూడటానికి తిన్నగానే ఉంది కానీ, లత గొంతుక్కూర్చోలేకపోతోంది.

డాక్టర్ ఎక్స్‌రే చూపించాడు. చీలమండలో గుండ్రంగా ఉండాల్సిన ఎముక పైభాగం చదునుగా అయిందట. అందుకే పాదం పైకి వంగదట.

"ఎవరన్న గట్టిగ ఒత్తిండ్రా?" అని అడిగాడు.

నువ్వు గుర్తొచ్చావు. కట్టు విప్పినప్పటి నుంచి నువ్వు పోయేదాకా, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టినంతసేపూ లత పాదాన్ని తొడ కింద అదిమి పెట్టేదానివి. "గిట్లుంటే సక్కగైతది బిడ్డా" అనేదానివి. నేనూ వద్దనలేదు.

"లేదు సార్" అన్నాను. నిన్ను కాపాడానో, నన్నో!

"పుట్టుకతోనే గట్లుండొచ్చు, ఆపరేషన్ తర్వాతనన్న అయ్యుండొచ్చు. ఏం చెప్పలేం" అన్నాడు. నీ గురించి చెప్పి ఉంటే ఏమనేవాడో.

ఇంటికొచ్చి చాట ముందేసుకున్నాను. లత పక్కన కూర్చుని పాదాన్ని నా తొడ కిందికి తోసింది.

"అమ్మమ్మ గిట్లనే పెట్టుకునేది. ఎచ్చగుంటదే అమ్మా."

తీయమనాలో, ఉంచమనాలో తోచలేదు. కాసేపటికి చూసుకుంటే, నా బరువంతా రెండో పక్కకు వేసి కూర్చున్నాను.

నువ్వూ ఇలాగే కూర్చునేదానివా, అవ్వా?