కొండ మీది కాలేజీలో స్వర్ణ సీటు

మఫ్రఖ్ లేబర్ క్యాంపు, జూన్ 16, 2023

బిడ్డా స్వర్ణా,

ఇక్కడ పొద్దున్నే ఉక్కపోత. స్లాబు పోసే షట్టరింగు పలకలు ముట్టుకుంటే చేతులు కాలుతున్నాయి. నిన్నటి నుంచి మధ్యాహ్నం ఎండలో పని ఆపుతున్నారు. ఆ వేళ నీడలో కూర్చుని రాస్తున్నాను.

కొండ మీది పెద్ద కాలేజీలో ఐదేళ్ల బిజినెస్ చదువుకు ఇంటర్వ్యూ ఉందన్నావు. దేశమంతా పోటీ అన్నావు. భయపడకు. దుబాయ్ కంపెనీల ఇంటర్వ్యూలు నేను చాలా చూశాను. ఏది అడిగినా "వస్తది సాబ్" అను. అనుభవం ఎంతంటే ఐదేళ్లు అను. ఓవర్‌టైము అంటే వెంటనే ఒప్పుకో.

మీ బాపు
పర్శరాములు

తా.క.: పాస్‌పోర్టు మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకు.

జగిత్యాల హాస్టల్, జూన్ 24

బాపూ,

ఇక్కడ వాన మొదలైంది. వార్డెన్ శ్రీసుధ మేడం ఫోన్ ఇవ్వదు కాని, ఉత్తరాన్ని ఫోటో తీసి నీకు పంపుతుంది.

ఇంటర్వ్యూలో నువ్వు చెప్పినట్టే ఐదేళ్ల అనుభవం అన్నాను. ఎందులో అన్నారు. అది నువ్వు చెప్పలేదు. "మా అమ్మతోని మేకలు కాసిన" అన్నాను. ఆ తర్వాత చివరిదాకా మేకల గురించే అడిగారు.

సీటు రాలేదు, పోనూ లేదు. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు నాదే. ఎవరైనా ఒకరు రానంటే నాకు వస్తుంది. లేకపోతే ఇక్కడి డిగ్రీ కాలేజీలో బి.కాం. ఉంది.

నీ బిడ్డ
స్వర్ణ

తా.క.: పాస్‌పోర్టు ఎవరూ అడగలేదు. నాకు లేదు కూడా.

మఫ్రఖ్, జూలై 1

బిడ్డా,

ఒకరు తప్పుకోవాలన్నావు కదా, దొరికాడు. మా కంపెనీ అకౌంటెంట్ నరసింహమూర్తి సార్ కొడుకు కౌశిక్‌కు అదే కాలేజీలో సీటు వచ్చిందని ఆఫీసంతా మిఠాయి పంచారు. సెలవు రోజున వాళ్లింటికి వెళ్లాను. మా బిడ్డ కూడా అక్కడికే రాసిందన్నాను. చాముండేశ్వరి మేడం చాయ్ ఇచ్చింది.

"అలాగా! కాలేజీ ఎలాంటిదండీ?" అంది.

"కాలేజి మంచిదే అమ్మా. పాములే జర ఎక్కువ. బాత్రూముల గూడ పండుకుంటయట."

మేడం చేతిలో కప్పు ఆగిపోయింది. చీకటి పడితే చిరుత తిరుగుతుందని కూడా చెప్పాను. అంతసేపూ ఫోన్ చూస్తున్న అబ్బాయి తల ఎత్తాడు. బాగా భయపడ్డట్టున్నాడు. సీటు నీదే అనుకో.

మీ బాపు

తా.క.: చిరుత గురించి చెప్పాలని నేను వెళ్లలేదు. అది నోటికి దానంతట అదే వచ్చింది.

జగిత్యాల, జూలై 10

బాపూ,

అమ్మ రోజూ నాట్లకు పోతోంది. ఆ కొండ నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. ఎవరి పిల్లవాణ్ణో బెదిరిస్తే వచ్చే సీటు నాకు వద్దు. వెళ్లి నిజం చెప్పు.

నేను బి.కాం.లో చేరాను. కాలేజీ బాగుంది. మూడేళ్లయ్యాక ఎంబీఏ కోసం అదే కొండకు మళ్లీ రాయవచ్చట.

స్వర్ణ

తా.క.: పర్శరాములు గారూ, మా చెల్లెలి కొడుకూ అక్కడే చేరుతున్నాడు. చిరుత సంగతి నిజమేనా? – శ్రీసుధ, వార్డెన్.

మఫ్రఖ్, జూలై 23

బిడ్డా,

నిన్న దుమ్ముగాలి లేచింది. పని సగంలో ఆపారు.

నువ్వు చెప్పిన వారమే వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీయగానే సార్ నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సీటొచ్చిన రోజు నుంచీ వెళ్లనంటున్నాడు పర్శరాములూ. ఇక్కడే ఫ్రెండ్స్‌తో చదువుతాడట. సరే, సీటు వదిలేద్దాం అనుకున్నాం. నువ్వొచ్చి వెళ్లావు, వాడు బ్యాగు సర్దేశాడు! ఏం మంత్రం వేశావయ్యా?"

మంత్రం ఏమిటో చెప్పాను. పాములు లేవు, చిరుత లేదు, అంతా నేను కల్పించిందే అన్నాను. సార్ నా చేతులు వదిలేశాడు. కౌశిక్ మాత్రం నమ్మలేదు.

"చిరుత లేదని మమ్మీ చెప్పమందా అంకుల్? ఆ చిరుతను నేను రీల్స్‌లో చూశా. వెళ్లి నేనూ వీడియో తీస్తా."

"ఒట్టు బాబూ, ఏం లెవ్వక్కడ."

"ఖలాస్ అంకుల్, ఇక చాలు, కవర్ చేయకండి" అని నవ్వాడు.

ఆ సెలవు రోజున నేను రూములోనే కూర్చుని ఉంటే సీటు నీకే వచ్చేదని తిరుగు బస్సులో అర్థమైంది. బి.కాం. బాగా చదువు. ఈసారి ఇంటర్వ్యూకు నేనేమీ చెప్పను.

మీ బాపు

తా.క.: కౌశిక్ నిన్న, శనివారం పొద్దుటి విమానానికి వెళ్లాడు.